భూతయజ్ఞానికి జ్ఞానమే నేత్రం

శ్రీమద్రామాయణంలో శ్రీరామచంద్రుడు పితృసమానంగా భావించి స్వయంగా అగ్నిసంస్కారం జరిపినది ఒక పక్షికి. కన్నతండ్రి దశరథునికి అంత్యక్రియలు చేసే అవకాశం ఆయనకు దక్కలేదు. అప్పటికే వనవాసంలో ఉన్నందున ఆ కర్మను భరతుడు నిర్వర్తించాడు. తండ్రికి చేయలేకపోయిన ఆ సంస్కారాన్ని దండకారణ్యంలో, రావణునితో పోరాడి రెక్కలు తెగి నేలకొరిగిన గృధ్రరాజు జటాయువుకు చేశాడు. చితి పేర్చి దహనం చేసి, గోదావరిలో స్నానమాచరించి, తమ్మునితో కలిసి ఉదకం విడిచాడు. తెలుగునేల ఈ ఘట్టాన్ని తనదిగానే తలచుకుంటోంది. భద్రాచల సమీపంలోని ఏటపాక, రాయలసీమలోని లేపాక్షి జటాయువు పేరుతోనే తమ స్థలపురాణాలను చెప్పుకుంటాయి.

ఆ గోదావరియే ఉత్తర తెలంగాణలో బాసర, ధర్మపురి, మంథని క్షేత్రాలను పావనం చేస్తూ ప్రవహించి, కాళేశ్వరం వద్ద ప్రాణహితను తనలో కలుపుకుంటుంది. ప్రాణహిత పరీవాహకంలో, పూర్వపు ఆదిలాబాద్ జిల్లా, నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవులలో పాలరాపు గుట్ట ఉంది. 2013లో ఆ గుట్ట నిట్టనిలువు రాతిచరియపై పొడవు ముక్కు రాబందులు గూళ్ళు కట్టుకుని నివసిస్తున్న సంగతి అటవీశాఖ దృష్టికి వచ్చింది. దేశమంతటా అంతరించిపోతున్నాయని శాస్త్రజ్ఞులు దుఃఖిస్తున్న కాలంలో జటాయు వంశీయులు ఆ మారుమూల గుట్టపై పిల్లలను పొదుగుతూ కనిపించారు.

పురాణంలోని జటాయువును పూజించే భక్తునికి, పాలరాపు గుట్టపై ఊపిరి పీలుస్తున్న రాబందుకు సంబంధం ఏమిటి? పూజ చేసినంత మాత్రాన ఆ పక్షి బ్రతుకుతుందా? గత ముప్పై సంవత్సరాల చరిత్ర లేదనే చెబుతోంది. రాబందులను నశింపజేసినది ద్వేషం కాదు, అజ్ఞానం. వాటిలో మిగిలినవాటిని నిలబెట్టినది కేవల కరుణ కాదు, ఓర్పుతో చేసిన పరిశోధన. అందువల్ల గిరులను, గిరివాసులైన ప్రాణులను అధ్యయనం చేసే జీవశాస్త్ర పరిశోధనకు అండగా నిలవడం భక్తునికి ఐచ్ఛికమైన లౌకికకార్యం కాదు. అది భూతయజ్ఞంలో అంతర్భాగం.

గుట్టపై గూడు

పొడవు ముక్కు రాబందు చెట్లకంటె ఎత్తయిన కొండచరియలనే గూటికి ఎన్నుకుంటుంది. శీతకాలారంభం నుండి వేసవి ప్రవేశం వరకు దాని సంతానోత్పత్తి కాలం. ఆ కాలంలో ఒక జంట పెట్టేది ఒకే ఒక గుడ్డు. దానిని తల్లిదండ్రులిద్దరూ వంతులవారీగా పొదుగుతారు, పుట్టిన పిల్లను ఇద్దరూ కలిసి నెలల తరబడి పోషిస్తారు. ఆ పిల్ల ఎదిగి తాను సంతానం కనే వయస్సుకు రావడానికి సుమారు ఐదేళ్ళు పడుతుంది. కనుక ఒక ఏడాది వర్షానికో, మనుషుల అలజడికో గూళ్ళు చెడిపోతే ఆ లోటు పూడడానికి ఎన్నో ఏళ్ళు కావాలి. కోళ్ళవలె, పావురాలవలె త్వరగా వృద్ధి చెందే జాతి కాదు ఇది. ప్రకృతి దానికి దీర్ఘాయువునిచ్చి, సంతానాన్ని మితం చేసింది. ఇటువంటి ప్రాణికి పెద్దల మరణమే పెద్ద ముప్పు.

పాలరాపు గుట్ట ఒంటరి శిల కాదు. దాని చుట్టూ బెజ్జూరు అడవి, దానికి పడమరగా 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటితమైన కవ్వాల్, ప్రాణహితకు ఆవలి ఒడ్డున మహారాష్ట్రలోని గడ్చిరోలి వనాలు ఉన్నాయి. రాబందు ఆహారాన్వేషణలో ఒక్కరోజులో పదుల కిలోమీటర్లు గగనవిహారం చేస్తుంది. జిల్లా సరిహద్దు, రాష్ట్ర సరిహద్దు దానికి లేవు. గూడు తెలంగాణలో ఉన్నా ఆహారం ఏ ఊరి పొలిమేరలోని పశుకళేబరమో కావచ్చు. కనుక గుట్టను కాపాడితే సరిపోదు. ఆ ఊళ్ళలో పశువులకు ఏ మందు పడుతున్నదో కూడా తెలియాలి. అసలు కథ అక్కడే ఉంది.

కరుణ విషంగా మారిన వైనం

ఒకప్పుడు భారతదేశంలో రాబందులు కోట్ల సంఖ్యలో ఉండేవి. ఊరి బయట పశువు చనిపోతే గంట గడవకముందే అస్థిపంజరం మాత్రం మిగిలేది. రాబందు జఠరంలోని తీవ్రమైన ఆమ్లం కళేబరంలోని అనేక రోగక్రిములను జీర్ణం చేసివేస్తుంది. ఇతర ప్రాణులకు ప్రాణాంతకమైన మలినాన్ని అది ఆహారంగా స్వీకరించి భూమిని శుద్ధి చేస్తుంది. హాలాహలాన్ని కంఠాన నిలిపిన నీలకంఠుని తత్త్వం తెలిసినవారికి ఈ ఉపకారం విలువ వేరుగా వివరించనక్కరలేదు.

1990వ దశకంలో ఆ పక్షులు కళ్ళెదుటే మాయం కాసాగాయి. రాజస్థాన్ భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ జాతీయ ఉద్యానంలో 1980వ దశకంలో రాబందులను లెక్కించిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్, దశాబ్దం తరువాత అదే చోట తిరిగి లెక్కించినప్పుడు గూళ్ళు ఖాళీగా, పక్షులు మెడలు వ్రేలాడవేసి చెట్లపైనే మరణిస్తూ కనిపించాయి. 2000 సంవత్సరంలో పొడవు ముక్కు రాబందును, తెల్లవీపు రాబందును అంతర్జాతీయంగా తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతులుగా గుర్తించారు. 1992 నుండి 2007 వరకు జరిగిన గణనల ప్రకారం తెల్లవీపు రాబందులు నూటికి 99 పాళ్ళకు మించి, పొడవు ముక్కు, సన్నముక్కు రాబందులు సుమారు 97 పాళ్ళు నశించాయి.

ఈ వినాశానికి వేటగాడు కారణం కాదు. నొప్పితో, జ్వరంతో బాధపడే ఆవుకు, ఎద్దుకు ఉపశమనం కలగాలని రైతు ఇప్పించిన డైక్లోఫెనాక్ అనే మందు కారణం. చౌకగా దొరికే ఆ మందు పశువుకు మేలే చేసింది. అయితే మందు పడిన కొద్దిరోజులలోపే పశువు మరణిస్తే, దాని మాంసంలో మిగిలిన మందు రాబందు మూత్రపిండాలను ధ్వంసం చేసింది. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, గుండె, కాలేయాలపై తెల్లని సుద్దవలె పేరుకుని, పక్షి కొద్దిరోజులలో మరణించింది. రోగపీడితమైన గోవుపై చూపిన దయ, ఆ గోవు మరణానంతరం ఆకాశంలోని పక్షికి మృత్యువైంది. దయ చూపినవానికి ఆ సంగతి తెలియదు, తెలుసుకునే మార్గమూ అతనికి లేదు.

ఇందులో ఒక సూక్ష్మమైన విషయం ఉంది. ఆ వినాశానికి ప్రతి కళేబరమూ విషపూరితం కానక్కరలేదు. నూటికి ఒక కళేబరం కంటె తక్కువ శాతంలో ప్రాణాంతక మోతాదు ఉన్నా అంతటి క్షీణత సంభవిస్తుందని శాస్త్రజ్ఞులు గణించారు. ఒక్క కళేబరం చుట్టూ పదుల కొద్దీ పక్షులు గుమికూడి భుజించడం, ఒక జంటకు ఏడాదికి ఒకే సంతానం కలగడం ఇందుకు హేతువులు. నూరుమంది రైతులలో తొంభైతొమ్మిదిమంది జాగ్రత్త వహించినా, ఒక్కని అజాగ్రత్త జాతి మొత్తాన్ని తుడిచిపెట్టగలదు. ఇటువంటి సత్యం ఎంతటి సదాచారసంపన్నునికైనా ఊహకు అందదు. లెక్కించినవారికే అందుతుంది.

అన్వయ వ్యతిరేకాలు

న్యాయశాస్త్రం చదివినవారికి పర్వతము, ధూమము, అగ్ని గల ఉదాహరణ సుపరిచితం. పొగను చూసి నిప్పును నిశ్చయించాలంటే పొగ ఉన్నచోట నిప్పు ఉండడం, నిప్పు లేనిచోట పొగ లేకపోవడం రెండూ పరీక్షించాలి. మొదటిది అన్వయం, రెండవది వ్యతిరేకం. ఈ రెండూ లేని హేతువు హేత్వాభాసగా మిగిలిపోతుంది.

రాబందుల మరణానికి తొలుత అనేక కారణాలు ఊహించారు. అంటువ్యాధి అన్నారు కొందరు, పురుగుమందులు అన్నారు మరికొందరు, ఆహారం కొరత అన్నారు ఇంకొందరు. ప్రతి ఊహా సమంజసంగానే తోచింది, పరీక్షకు నిలవలేదు. చివరకు పాకిస్తాన్ పంజాబ్‌లో లిండ్సే ఓక్స్ నాయకత్వంలో పరిశోధన చేసిన బృందం 2004లో నేచర్ పత్రికలో తన నిర్ణయాన్ని ప్రకటించింది. యూరిక్ ఆమ్లం పేరుకుని మరణించిన 25 పక్షులను పరీక్షిస్తే ఇరవైఐదింటిలోనూ డైక్లోఫెనాక్ ఉంది. ఇతర కారణాలతో మరణించిన 13 పక్షులను పరీక్షిస్తే ఒక్కదానిలోనూ లేదు. గౌతమ మహర్షి సంప్రదాయంలోని నైయాయికుడెవరైనా అంగీకరించే అన్వయ వ్యతిరేక పరీక్ష ఇది.

ఆ నిర్ణయం వెలువడిన రెండేళ్ళకే, 2006లో, భారత ప్రభుత్వం పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను నిషేధించింది. మనుషులకు ఉద్దేశించిన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని తెలిసి 2015లో మానవవైద్యంలోని ఇంజక్షను సీసాను ఒక్క మోతాదుకు పరిమితం చేసింది. అదే హాని కలిగించే కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మందులను 2023లో పశువైద్యం నుండి తొలగించింది. వీటికి బదులుగా మెలాక్సికామ్ అనే మందు పశువు నొప్పిని తగ్గిస్తూ రాబందుకు హాని చేయదని పరీక్షలు తేల్చాయి. గోవుకు దయ, రాబందుకు అభయం రెండూ ఒకేసారి సాధ్యమని నిరూపించినది ఆ పరిశోధనయే. ధర్మసంకటమనుకున్నది జ్ఞానం కలగగానే సంకటం కాకుండా పోయింది.

పంచమహాయజ్ఞాలలో పరిశోధన స్థానం

గృహస్థునికి శాస్త్రం ఐదు నిత్యయజ్ఞాలను విధించింది: దేవయజ్ఞం, పితృయజ్ఞం, బ్రహ్మయజ్ఞం, మనుష్యయజ్ఞం, భూతయజ్ఞం. భోజనానికి ముందు కాకికి, కుక్కకు, చీమకు అన్నం వేయడం భూతయజ్ఞమని ప్రతి తెలుగు ఇంటిలోనూ పెద్దలు చెబుతారు. బ్రహ్మయజ్ఞం అంటే వేదాధ్యయనం, ఋషుల ఋణం తీర్చుకునే స్వాధ్యాయం. సాధారణంగా ఈ రెంటినీ వేరువేరుగా భావిస్తారు: ఒకటి ప్రాణులకు ఆహారం, మరొకటి బుద్ధికి ఆహారం.

రాబందుల చరిత్ర ఈ రెంటినీ విడదీయరాదని చెబుతోంది. ప్రాణికి ఏది ఆహారమో, ఏది విషమో తెలియకుండా వేసిన బలి యజ్ఞం కాదు. ద్రవ్యం, దేశం, కాలం, పాత్రం తెలిసి చేసినదే దానం అని ధర్మశాస్త్రాల అభిప్రాయం. వేసవిలో ఎండిన అడవిలో రాబందుల కోసం కళేబరం ఉంచడం ఉత్తమ భూతయజ్ఞమే, అయితే ఆ పశువుకు చివరి రోజులలో ఏ మందు ఇచ్చారో తెలిసి ఉండాలి. తెలియకపోతే ఆ నైవేద్యమే వాటికి కాలకూటం. అందువల్లనే భూతయజ్ఞానికి జ్ఞానం నేత్రం అనడం అతిశయోక్తి కాదు. కన్ను లేని చేయి ఎంత ఉదారమైనా గమ్యం తప్పుతుంది.

పూర్వపక్షం, సమాధానం

మొదటి ఆక్షేపం: రాబందు అమంగళకరమైన పక్షి, శవభక్షకి, దానికోసం భక్తులు శ్రమించడమెందుకు? తెలుగు వాడుకలో పీడించే వడ్డీవ్యాపారిని, లంచగొండిని రాబందు అని నిందించడం పరిపాటి అయింది. ఈ ఉపమానం పక్షికి అన్యాయం. రాబందు బ్రతికి ఉన్న ప్రాణిని పీడించదు, ప్రాణం విడిచిన దేహాన్ని మాత్రమే స్వీకరిస్తుంది. దేహం అశాశ్వతమని, ప్రాణం విడిచాక అది పంచభూతాలలో కలిసిపోవలసినదేనని వేదాంతం బోధిస్తుంది. ఆ కలయికకు తోడ్పడే ప్రాణిని అమంగళమనడం వేదాంతవిరుద్ధం. విద్యావినయసంపన్నుని, గోవును, ఏనుగును, శునకాన్ని సమదృష్టితో చూసేవాడే పండితుడని గీతాచార్యుని అభిప్రాయం. ఆ సమదృష్టికి రాబందు పరీక్ష వంటిది.

రెండవ ఆక్షేపం: సర్వమూ ఈశ్వరాధీనం, ఆయన రక్షించదలిస్తే రక్షిస్తాడు, లెక్కలెందుకు? దీనికి రామాయణమే సమాధానం. జటాయువు అన్న సంపాతి పర్వతంపై నుండి దూరదృష్టితో చూసి సీత లంకలో ఉన్నదని వానరులకు చెప్పాడు. వానరులు ఆ మాటను విశ్వసించారు. విశ్వసించి ఊరుకోలేదు. హనుమంతుడు సముద్రం దాటి, లంకలో వెదకి, సీతను కన్నులారా చూసి, ఆనవాలు తీసుకుని తిరిగివచ్చాడు. ఆప్తవాక్యాన్ని ప్రత్యక్షంతో ధ్రువపరచుకున్నాడు. కొండగట్టు అంజన్నకు మొక్కే భక్తునికి ఈ దృష్టాంతం చాలు. విశ్వాసం అన్వేషణకు ప్రేరణ కావాలి గాని, అన్వేషణను మానడానికి సాకు కాకూడదు.

మూడవ ఆక్షేపం గంభీరమైనది: పరిశోధనలో హింస ఉంది కదా? నిజమే. డైక్లోఫెనాక్ ప్రభావాన్ని నిర్ధారించే పరీక్షలో, తిరిగి ఎగరలేని స్థితిలో సంరక్షణలో ఉన్న కొన్ని రాబందులు మరణించాయి. దానిని దాచడం సత్యవ్రతానికి విరుద్ధం, తేలికగా తీసుకోవడం అహింసావ్రతానికి విరుద్ధం. అయితే ఆ పరీక్ష లేకుంటే నిషేధం రాదు, నిషేధం రాకుంటే జాతియే మిగలదు. అందువల్ల భక్తులు పరిశోధనను తిరస్కరించక, దానిపై అహింసానియమాన్ని విధించాలి. దూరం నుండి చూసి తెలుసుకోగలిగినదానికి పక్షిని పట్టుకోరాదు, రాలిన ఈకతో తెలిసేదానికి రక్తం తీయరాదు, మరణించిన పక్షి దేహం ఉండగా బ్రతికినదానిని బాధించరాదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి అనుబంధమైన లాకోన్స్ ప్రయోగశాల అంతరించిపోతున్న జీవుల జన్యుపరిరక్షణకై పనిచేస్తోంది. ఈకలు, రెట్టల నుండి కూడా జీవరహస్యాలు తెలుసుకునే విద్య నేడు ఎంతో పెరిగింది. అటువంటి విధానాలకే సమాజం ఆదరణ చూపితే పరిశోధన కూడా క్రమంగా అహింసామార్గంలో నడుస్తుంది.

నాల్గవ ఆక్షేపం: మనుషులే కష్టాలలో ఉండగా పక్షులకు ధనమెందుకు? రాబందులు మాయమైన తరువాత కళేబరాలు కుళ్ళి నీటిలో కలిశాయి, వీధికుక్కలు పెరిగాయి, వాటితోపాటు పిచ్చికుక్క కాటు భయం పెరిగింది. ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2000 నుండి 2005 వరకు రాబందుల క్షీణత మూలంగా భారతదేశంలో సుమారు ఐదు లక్షల అదనపు మానవమరణాలు సంభవించాయని అంచనా. రాబందు రక్షణ, మనుష్యరక్షణ వేరువేరు కావు. మనుష్యయజ్ఞం, భూతయజ్ఞం ఒకే వేదిపై జరుగుతున్నాయి.

ఐదవ ఆక్షేపం అడవిలో నివసించేవారిది: మృగాల పేరుతో తమను వెళ్ళగొడతారేమో అని. ఈ భయం నిరాధారం కాదు. 2025 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ఆసిఫాబాద్ అడవులను కుమురం భీం సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ జి.ఓ. 49 జారీచేసింది. ఆదివాసులు తీవ్రంగా నిరసించగా జూలైలో దాని అమలును నిలిపివేసింది. జల్, జంగల్, జమీన్ నినాదంతో 1940లో జోడేఘాట్‌లో అసువులు బాసిన కుమురం భీం నేల అది. ఆయన పేరు పెట్టి ఆయన సంతతిని కాదని చేసే సంరక్షణ నిలవదు. ఏ వాగు ఎప్పుడు ఎండుతుందో, ఏ చరియపై ఏ పక్షి ఏ మాసంలో వాలుతుందో గోండులకు, కొలాములకు తరతరాలుగా తెలుసు. అది గ్రంథస్థం కాని శాస్త్రం. పాలరాపు గుట్ట వద్ద పర్యవేక్షణకు అటవీశాఖ స్థానికులనే నియమించడం సరైన మార్గం. ఆ మార్గంలో ఇంకొక అడుగు వేయాలి. ఆదివాసి యువకుడు కాపలాదారుగా మిగిలిపోక, తాను చూసినదానిని నమోదు చేసే పరిశోధకుడుగా ఎదగాలి. పరిశోధన వారి చేతులలో ఉంటే సంరక్షణ వారికి శత్రువుగా కనిపించదు.

గుట్టలు మిగిలితేనే గూళ్ళు

ఉత్తర తెలంగాణలో పరిశోధన అవసరమైనవి రాబందులు మాత్రమే కావు. ప్రాణహిత దాటి తడోబా వైపు నుండి వచ్చే పులులు కాగజ్‌నగర్ అడవుల గుండానే కవ్వాల్ చేరాలి. ఆ దారిలో ఏ గుట్ట, ఏ లోయ వాటికి ఆశ్రయమిస్తున్నదో తెలియకుండా రహదారి వేసినా, గని తవ్వినా ఆ దారి తెగిపోతుంది. పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ఖిల్లా గుట్టలు ఔషధమొక్కలకు ప్రసిద్ధి, వైద్యవిద్యార్థులు, మూలికలు తెలిసిన వైద్యులు వాటికోసం అక్కడికి వెళుతుంటారు. ఆ మూలికలలో ఏవి తగ్గుతున్నాయో, ఏవి ఇంకా పుష్కలంగా ఉన్నాయో ఏడాదికొకసారి లెక్కించే వ్యవస్థ ఉంటేనే వాటి సేకరణకు హద్దు ఏర్పడుతుంది.

కరీంనగర్ పరిసరాల గుట్టల పరిస్థితి మరింత దయనీయం. అక్కడి గోధుమవర్ణపు గ్రానైటు టాన్ బ్రౌన్ పేరుతో విదేశాలకు ఎగుమతి అవుతోంది. ఆ పరిశ్రమ అనేకులకు జీవనాధారమన్నది వాస్తవం. అయితే గుట్టను కోసి పలకలుగా మార్చాక దానిపై ఏ ఉడుము, ఏ గుడ్లగూబ, ఏ ముళ్ళపంది నివసించిందో తెలుసుకునే అవకాశం శాశ్వతంగా పోతుంది. నరికిన అడవి తగినంత కాలమిస్తే తిరిగి మొలకెత్తవచ్చు, కోసిన గుట్ట మొలకెత్తదు. గుట్టను తాకకముందే దానిపై ఉన్న జీవజాలాన్ని నమోదు చేయించాలని కోరడం పరిశ్రమకు ద్రోహం కాదు. గిరులను దైవస్వరూపాలుగా కొలిచే సంప్రదాయం కోరవలసిన కనీస మర్యాద అది. గోవర్ధనగిరిని పూజించమన్న శ్రీకృష్ణుడు గోవులకు గడ్డిని, గోపాలురకు నీడను ఇస్తున్నది ఆ గిరియే అని కారణం చూపి మరీ పూజించమన్నాడు. ఆ కారణజ్ఞానమే గిరిపూజకు ప్రాణం.

భక్తులు చేయదగినది

వేములవాడ శ్రీరాజరాజేశ్వరస్వామికి కోడె మొక్కు చెల్లించే భక్తులు లక్షలలో ఉన్నారు. కోడెను స్వామికి సమర్పించడం ఆ ప్రాంత భక్తికి ప్రాణం వంటి ఆచారం. ఆ భక్తి సంపూర్ణం కావాలంటే, కోడెకు జబ్బు చేసినప్పుడు ఏ మందు ఇస్తున్నారన్న ప్రశ్న కూడా మొక్కులో భాగం కావాలి. గోశాల ఏదైనా, ఇంటి పశువుల కొట్టం ఏదైనా, పశువైద్యుని మెలాక్సికామ్ వంటి సురక్షితమైన మందు అడగాలి. ఏ పశువుకు ఏ తేదీన ఏ మందు ఇచ్చారో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. మందు పడిన పశువు మరణిస్తే దానిని బహిరంగంగా వదలక పూడ్చిపెట్టాలి. దీనికి అయ్యే ఖర్చు స్వల్పం. ఆ పుస్తకమే రేపు పరిశోధకునికి అమూల్యమైన ఆధారమవుతుంది.

దేవాలయాలు, మఠాలు, భక్తసమాజాలు అన్నదానానికి, వేదపాఠశాలలకు నిధులు కేటాయించడం శ్లాఘనీయం. ఆ నిధులలో ఒక చిన్న భాగం ఉత్తర తెలంగాణ గుట్టలపై జీవశాస్త్రం అధ్యయనం చేసే విద్యార్థులకు వేతనంగా అందితే అది కూడా విద్యాదానమే. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది, బాసరలో జ్ఞానసరస్వతి సన్నిధికి చేరువలోనే సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. పసివానికి అక్షరాభ్యాసం చేయించే తల్లిదండ్రులు ఆ తల్లి అనుగ్రహాన్ని ఓనమాలకే పరిమితం చేయనక్కరలేదు. గుట్టపై గూళ్ళను పదేళ్ళు క్రమం తప్పక లెక్కించే ఓర్పు కూడా ఆమె ప్రసాదమే. ఒక్క ఏడాది లెక్క సంఖ్య మాత్రమే, పది సంవత్సరాల లెక్క సత్యం అవుతుంది. కేవలాదేవ్‌లో మొదటి లెక్క లేకపోయి ఉంటే రెండవ లెక్కలో కనిపించిన వినాశం ఎవరికీ అర్థమయ్యేది కాదు.

చేయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. సంతానోత్పత్తి కాలంలో గూళ్ళున్న చరియల దగ్గరకు గుంపులుగా వెళ్ళడం, టపాసులు పేల్చడం, చిత్రాలకోసం ఎగిరే యంత్రాలను పంపడం భక్తి కాదు. బెదిరిన తల్లిపక్షి గూడు విడిచిన కొద్దిసేపటిలోనే గుడ్డు ఎండకు పాడవుతుంది. దర్శనం కంటె దూరమే ఆ పక్షికి చేసే ఉత్తమసేవ.

శ్రీరాముడు జటాయువు మరణశయ్య చెంతకు చేరినప్పుడు ముందుగా చేసినది తర్పణం కాదు. ఆ పక్షి చెప్పిన మాటను శ్రద్ధగా విన్నాడు. సీత ఏ దిక్కుకు వెళ్ళినదో, ఎవరు తీసుకుపోయారో దాని సాక్ష్యం నుండి తెలుసుకున్నాడు. తర్పణం ఆ తరువాతిది. పాలరాపు గుట్టపై గూళ్ళు ఖాళీ అయితే జటాయువు పేరుతో మిగిలేది తర్పణం ఒక్కటే. అవి నిండుగా ఉన్నంతకాలం ఆ పక్షులు చెబుతున్నది వినడం, విన్నదానిని వ్రాసి పెట్టడం, వ్రాసినదానిని బట్టి గోశాలలో మందు మార్చడం ప్రతి సాధకుని శక్తిలోనే ఉన్న ఆరాధన.